పిల్లల వైద్య పరిశోధనకు ఇంటర్నల్ గ్రాంట్లు: సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి, బరంపురంలో చదివి, పదహారేళ్లుగా పిల్లల ఆసుపత్రుల పరిశోధన విభాగాల్లో పనిచేస్తున్నాను. గ్రాంటు దరఖాస్తులు రాశాను, రాయించాను, రివ్యూ కమిటీల్లో కూర్చుని చదివాను. రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం నుంచి, అటు మహారాష్ట్ర వైపు సిరొంచ నుంచి కూడా తెలుగు డాక్టర్లు, నర్సులు, పీహెచ్‌డీ విద్యార్థులు ఫోన్ చేసి అడిగేవి ఇంచుమించు ఈ ప్రశ్నలే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. గ్రాంటు మొత్తం, గడువు, ఫారం ప్రతి సంస్థలోనూ వేరుగా ఉంటాయి. ఆ మూడింటికీ మీ సంస్థ సర్క్యులరే ప్రమాణం.

ఇంటర్నల్ గ్రాంటు అంటే ఏమిటి? బయటి గ్రాంటుకీ దీనికీ తేడా ఏమిటి?

సంస్థ తన సొంత నిధుల్లోంచి, తన దగ్గర పనిచేసేవాళ్లకే ఇచ్చే పరిశోధన డబ్బు ఇది. కాగితాల మీద ఇంట్రామ్యూరల్ గ్రాంటు అని ఉంటుంది. కొన్నిచోట్ల సీడ్ గ్రాంటు అంటారు, అంటే విత్తనాల ఖర్చు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) లాంటి సంస్థలు బయటి నుంచి ఇచ్చేది ఎక్స్‌ట్రామ్యూరల్. దానికి దేశమంతటితో పోటీ పడాలి, మీరు ఇదివరకు ఏం చేశారో చూపించాలి. ఇంటర్నల్ గ్రాంటుకి పోటీ మీ పక్క వార్డు వాళ్లతోనే. చాలావరకు ఇదివరకు ఏమీ చేయనివాళ్ల కోసమే దాన్ని పెట్టారు.

పిల్లల పరిశోధన సంస్థల్లో ఇది నాలుగు రూపాల్లో కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు పని మొదలుపెట్టడానికి ఇచ్చేది ఒకటి. ఒక ఆలోచన నిలబడుతుందో లేదో చూసుకోవడానికి ఇచ్చే పైలట్ డబ్బు ఇంకొకటి. ఒక బయటి గ్రాంటు అయిపోయి ఇంకోటి వచ్చేలోగా ప్రాజెక్టు సిబ్బంది ఇంటికి వెళ్లిపోకుండా ఆదుకునే బ్రిడ్జ్ గ్రాంటు మూడోది. ట్రైనింగుకీ కాన్ఫరెన్సుకీ ఇచ్చే ప్రయాణ ఖర్చు నాలుగోది. మనవాళ్లు ఎక్కువగా అడిగేది పైలట్ గురించి కాబట్టి ఇక్కడ నేను చెప్పేది చాలావరకు దాని గురించే.

అంత చిన్న మొత్తంతో ఏం పరిశోధన అవుతుంది?

ఈ మాట నాకు ప్రతి సంవత్సరం వినిపిస్తుంది, విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది.

పెద్ద గ్రాంటు ఇచ్చేవాళ్లు మొదట అడిగేది పైలట్ డేటా. 'మీ ప్రాంతంలో ఈ సమస్య ఉందని చూపించండి, ఈ పని అక్కడ చేయగలరని చూపించండి' అంటారు. ఢిల్లీ, వెల్లూరు, హైదరాబాదుల్లో ఆ డేటా ఏళ్ల తరబడి పోగుపడి ఉంది. మన దగ్గర లేదు. పర్లాకిమిడిలో పుట్టిన బిడ్డకు జబ్బు చేస్తే పాతపట్నం దాటి శ్రీకాకుళమో విశాఖో తీసుకెళతారు. కోరాపుట్ బిడ్డను విజయనగరం తీసుకెళతారు. ఒడిశా రిజిస్టరులో 'రిఫర్ చేశాం' అని ఉంటుంది, ఆంధ్ర రిజిస్టరులో 'ఇతర రాష్ట్రం' అని ఉంటుంది. ఆ తరవాత ఆ బిడ్డ ఏమయ్యాడో రెండింట్లోనూ ఉండదు. డేటా లేదు కాబట్టి గ్రాంటు రాదు. గ్రాంటు లేదు కాబట్టి డేటా రాదు. ఈ చిక్కుముడిని మొదట విప్పగలిగేది ఈ చిన్న డబ్బే.

చిన్న ప్రశ్న ఎంత దూరం వెళుతుందో తెలియాలంటే గడ్చిరోలి వైపు చూడండి. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ స్థాపించిన సెర్చ్ సంస్థ అక్కడి 39 ఊళ్లలో పల్లెటూరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, నవజాత శిశువులను ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతిని పరీక్షించింది. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, పోలిక కోసం తీసుకున్న ఊళ్లతో చూస్తే మూడో ఏటికి నవజాత శిశు మరణాలు దాదాపు 62 శాతం తగ్గాయి. ఈ రోజు ఆశా కార్యకర్త కాన్పయిన ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లి బిడ్డను తూచి, ఒళ్లు ముట్టుకుని చూస్తోందంటే దాని వేళ్లు ఆ పనిలో ఉన్నాయి. అది మన లాంటి సరిహద్దు జిల్లాయే. తెలుగు మాట్లాడే సిరొంచ ఆ జిల్లాలోనే ఉంది.

ఎవరెవరు పెట్టుకోవచ్చు? నేను స్టాఫ్ నర్సుని, నాకు ఇస్తారా?

చాలా సంస్థల్లో పీఐ, అంటే ప్రధాన పరిశోధకులు, పర్మనెంట్ ఫ్యాకల్టీ అయి ఉండాలన్న నిబంధన ఉంటుంది. కానీ కో-పీఐగా నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ ఉండటానికి సాధారణంగా అడ్డు ఉండదు. నర్సింగ్ విభాగానికి విడిగా గ్రాంటు పెట్టిన సంస్థలు కూడా ఉన్నాయి. మీ సర్క్యులర్‌లో 'అర్హత' అన్న పేరా పూర్తిగా చదవండి, అందులో మీ హోదా పేరు లేకపోతే పరిశోధన విభాగానికి వెళ్లి నోటితో అడగండి. నవజాత శిశువుల వార్డులో రాత్రి డ్యూటీ చేసే నర్సుకి తట్టిన ప్రశ్నలు ప్రొఫెసర్‌కి తట్టవు. నేను చదివిన మంచి ప్రపోజల్స్‌లో రెండింటి వెనక ఉన్నది నర్సులే.

నేను ఎంబీబీఎస్ విద్యార్థిని. నాకేమైనా ఉందా?

ఐసీఎంఆర్ వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ చూడండి. 1979 నుంచి నడుస్తోంది, రెండు నెలల పని, స్టైపెండు ఉంటుంది. ఇంటర్నల్ గ్రాంటు మీద పనిచేస్తున్న మీ ప్రొఫెసర్ దగ్గర చేరి అందులో ఒక చిన్న ముక్కను మీదిగా తీసుకుంటే రెండూ కలిసివస్తాయి.

పరిశోధన ప్రశ్న ఎలా ఎంచుకోవాలి?

దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. మిగతాదంతా దీని వెనక వచ్చేదే.

'గంజాం జిల్లా పిల్లల్లో పోషకాహార లోపానికి కారణాలు' అని రాసి తెస్తారు. అది ప్రశ్న కాదు, ఒక శాఖ పని. ఏడాదిలో, ఒక ప్రాజెక్టు అసిస్టెంటుతో, అవును లేదా కాదు అని జవాబు చెప్పగలిగేదాన్ని పట్టుకోవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. కోరాపుట్, రాయగడ గిరిజన ప్రాంతాల్లోనూ గడ్చిరోలిలోనూ సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఇది. తల్లికీ తండ్రికీ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జూలై 1న కేంద్రం జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, లక్ష్యం 2047. ఊళ్లలో వాడే సాల్యుబిలిటీ పరీక్ష ఆరు నెలలలోపు బిడ్డకు పనికిరాదు, ఎందుకంటే ఆ వయసులో ఒంట్లో గర్భంలోని హిమోగ్లోబినే ఎక్కువగా ఉంటుంది. వాళ్లకి హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్ష కావాలి, ఆ మెషిన్ పెద్ద ఊళ్లోనే ఉంటుంది. అందుకని మడమ నుంచి రక్తపు చుక్క తీసి ఫిల్టర్ పేపర్ కార్డు మీద ఆరబెట్టి పంపిస్తారు.

ఆ పని దగ్గర నిలబడి చూడండి. సిస్టర్ బిడ్డ పాదాన్ని అరచేత్తో పట్టుకుని వెచ్చబెడుతుంది. మడమ మధ్యలో కాదు, పక్కన గుచ్చుతుంది. మొదటి చుక్క గాజుగుడ్డతో తుడిచేస్తుంది. రెండో చుక్క లావుగా ఊరేదాకా ఆగి, కార్డు మీది గుండ్రటి గీతకు ఒక్కసారే తాకిస్తుంది. అది కాగితం అవతలి వైపుకి కూడా ఇంకాలి. చాలలేదని దాని మీదే ఇంకో చుక్క వేస్తే ఆ కార్డు పాడైనట్టే. తరవాత కనీసం మూడు గంటలు, ఎండ తగలకుండా, ఒకదాని మీద ఒకటి పెట్టకుండా, పడుకోబెట్టి ఆరనివ్వాలి. ఇదంతా పుస్తకంలో ఉంది. మరి గోపాల్‌పూర్ సముద్రం పక్కన, ఆగస్టు నెలలో, గోడలే చెమ్మగిల్లుతున్నప్పుడు ఆ కార్డు మూడు గంటల్లో ఆరుతుందా? ఎక్కువసేపు ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో కవర్లో పెట్టి, పది రోజులు పోస్టులో తిరిగాక మెషిన్ దాన్ని సరిగా చదువుతుందా? అదే బిడ్డ నుంచి అదే రోజు తీసిన తాజా నమూనాతో పోల్చి చూస్తే ఫలితం ఒకటేనా?

ఇదీ ఇంటర్నల్ గ్రాంటుకి తగిన ప్రశ్న. కార్డులు, మడమ గుచ్చే సూదులు, పోస్టేజీ, ఒక మనిషి జీతం చాలు. అవును అని తేలితే బ్లాకు స్థాయి ఆసుపత్రుల్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేద్దామని పెద్ద గ్రాంటు అడగొచ్చు. కాదు అని తేలితే వర్షాకాలంలో వేల కార్డులు పాడుకాకుండా ఆపినవాళ్లవుతారు.

ప్రపోజల్ తెలుగులో రాయొచ్చా?

ఒడిశా, మహారాష్ట్ర సంస్థల్లో కుదరదు, ఇంగ్లీషులోనే రాయాలి. కానీ మొదటి చిత్తు తెలుగులో రాసుకోమని అందరికీ చెబుతాను. మీ ఇంట్లో వైద్యం తెలియనివాళ్లకి చదివి వినిపించండి. వాళ్లకి ప్రశ్న అర్థం కాకపోతే అది ఇంకా మీకే సరిగా అర్థం కాలేదు.

బడ్జెట్‌లో ఏవి పెట్టాలి, ఏవి పెట్టకూడదు?

కిట్లు, రీఏజెంట్లు, కార్డులు, ప్రాజెక్టు సిబ్బంది జీతం, ఊళ్లకు వెళ్లే బండి ఖర్చు, ప్రింటింగు, అనువాదం, కుటుంబాల బస్సు ఛార్జీ పెట్టొచ్చు. మీ సొంత జీతం, ఫర్నిచరు, ల్యాప్‌టాప్, ఏసీ సాధారణంగా ఒప్పుకోరు. పెద్ద పరికరాలు కొనడానికి ఈ డబ్బు కాదు. సంస్థలో ఇంకో విభాగంలో ఉన్నదాన్ని వాడుకుంటామని ఆ విభాగాధిపతి సంతకంతో ఉత్తరం జతచేస్తే రివ్యూ చేసేవాళ్లకి నమ్మకం కుదురుతుంది.

ప్రతి పద్దు పక్కనా లెక్క చూపండి. 'రీఏజెంట్లు, ఒక లక్ష' అని రాస్తే కోత పడుతుంది. ఎంతమంది పిల్లలు, ఒక్కొక్కరికి ఎన్ని పరీక్షలు, ఒక కిట్ ఎన్ని పరీక్షలకు వస్తుంది, పాడయ్యేవాటికి ఎంత అని రాస్తే చేయి వేయరు. కొటేషన్లు ముందే తెచ్చుకోండి. బరంపురం డీలరు చెప్పిన ధర, భువనేశ్వర్ ధర, విశాఖ ధర మూడూ ఒకటి కావు. జీఎస్టీ, రవాణా కలిపారో లేదో కూడా అడగండి.

మరిచిపోయే పద్దు ఒకటుంది, అనువాదం. దాని గురించి కింద చెబుతాను.

ఎథిక్స్ అనుమతి ముందా, గ్రాంటు ముందా?

చాలాచోట్ల గ్రాంటుకి ముందు శాస్త్రీయ కమిటీ చూస్తుంది, తరవాత ఎథిక్స్ కమిటీ. గ్రాంటు మంజూరైనా ఎథిక్స్ ఉత్తరం లేనిదే డబ్బు విడుదల చేయరు. ఒక్క బిడ్డను కూడా చేర్చకూడదు. రెండూ ఒకేసారి సిద్ధం చేసుకుంటే మూణ్ణాలుగు నెలలు కలిసొస్తాయి. ఎథిక్స్ కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు, అధ్యక్షులు సంస్థ బయటివారు, వైద్యం చదవని సామాన్యులు కూడా ఒకరు ఉంటారు. ఆ సామాన్యుడో సామాన్యురాలో అడిగే ప్రశ్నలకి జవాబు సిద్ధం చేసుకోండి, ఎక్కువమంది అక్కడే తడబడతారు.

మందులు గానీ చికిత్స గానీ పోల్చి చూసే ట్రయల్ అయితే మొదటి బిడ్డను చేర్చకముందే సీటీఆర్‌ఐలో, అంటే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి తరవాత చేస్తామంటే తీసుకోరు. నమోదు ఉచితం.

పిల్లల విషయంలో ఎవరి అనుమతి తీసుకోవాలి?

ఐసీఎంఆర్ 2017లో పిల్లల పరిశోధనకు విడిగా నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. దాని ప్రకారం తల్లిదండ్రుల లిఖిత అనుమతి తప్పనిసరి. దానికి తోడు ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలను నోటితో అడిగి వాళ్ల ఇష్టం తెలుసుకోవాలి, పన్నెండు దాటినవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. అమ్మ సరే అన్నా పిల్లాడు వద్దంటే ఆగాలి.

రిస్కు తక్కువగా ఉన్నప్పుడు, లేదా బిడ్డకు నేరుగా మేలు ఉన్నప్పుడు తల్లిదండ్రుల్లో ఒకరి సంతకం సాధారణంగా చాలు. రిస్కు అంతకు మించితే ఇద్దరివీ అడగవచ్చు. మన దగ్గర ఇది పెద్ద చిక్కే. గంజాం మగవాళ్లు చాలామంది సూరత్ మగ్గాల దగ్గర ఉంటారని మనందరికీ తెలిసిన సంగతే. నాన్న దీపావళికో దసరాకో వస్తాడు. అమ్మమ్మ, తాతయ్య ఎంత ప్రేమగా పెంచుతున్నా, చట్టప్రకారం సంరక్షకులు కాకపోతే వాళ్ల సంతకం చెల్లదు. మీ డిజైన్‌కి ఇద్దరి సంతకాలూ కావాలంటే చేర్చుకునే నెలలను పండగలకు సరిపోయేలా పెట్టుకోండి. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండి సంతకం చేయాలి.

అనుమతి పత్రం తెలుగులో ఎలా రాయాలి?

గూగుల్ అనువాదం అతికించి తెస్తారు. 'మీ శిశువు యాదృచ్ఛిక కేటాయింపు ద్వారా నియంత్రణ సమూహంలో చేర్చబడవచ్చు.' ఇది తెలుగు అక్షరాల్లో ఉన్న మాటే గానీ తెలుగు కాదు.

ఒకసారి పర్లాకిమిడిలో ఇలాంటి పత్రమే ఒకావిడ చేతిలో పెట్టాను. పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది. పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. 'నియంత్రణ' దగ్గర ఆగి, "మా పాపని ఎక్కడైనా కట్టేసి ఉంచుతారా బాబూ?" అని అడిగింది. నిజంగా భయపడి అడిగింది. నేను పత్రం పక్కన పెట్టి చెప్పాను: "అమ్మా, రెండు రకాల పద్ధతులున్నాయి. రెండూ మంచివే, ఏది ఇంకొంచెం మంచిదో మాకు తెలీదు. అందుకని చీటీలు వేస్తాం. చీటీలో ఏది వస్తే మీ పాపకి అది. మీరు వద్దంటే ఇప్పుడే మానేయొచ్చు, మధ్యలో మానేయొచ్చు, వైద్యం మామూలుగానే జరుగుతుంది." "చీటీలా? చీటీల పాటలో వేసినట్టేనా?" అంది. అంతే, అర్థమైపోయింది. ఆ రోజు నుంచి మా పత్రాల్లో చీటీ అన్న మాటే ఉంది. ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకుంది.

పత్రం రాసేటప్పుడు వాక్యానికి ఒకే సంగతి చెప్పండి. 'చేర్చబడును', 'నిర్వహించబడును' అన్నవి కొట్టేయండి. శ్రీకాకుళం యాసలో మాట్లాడే తల్లికి గుంటూరు పుస్తక భాష కూడా దూరమే. రాసిన పత్రాన్ని నలుగురు తల్లులకు చదివించి, 'మీకు ఏం అర్థమైందో చెప్పండమ్మా' అని అడిగి మార్చండి. ఆ మార్పులు చేసినట్టు ప్రపోజల్‌లో రాస్తే మార్కులు కూడా పడతాయి.

కుటుంబం తెలుగు కాదు, ఒడియా కాదు. సవర మాట్లాడతారు. ఏం చేయాలి?

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పూనుకున్నారు. నూరేళ్లు దాటింది. అదే ఊరి పరిసరాల్లో ఈ రోజుకీ సవర తల్లికి ఒడియాలో పత్రం చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంటున్నాం. ఇది తప్పు. సవర, కువి, కుయి మాట్లాడే మనిషిని ఆ ఊరి నుంచే ప్రాజెక్టులో పెట్టుకోండి. వాళ్ల గొంతుతో వివరాలు రికార్డు చేసి, ఆ రికార్డింగును కూడా ఎథిక్స్ కమిటీకి పంపండి. అందుకే బడ్జెట్‌లో అనువాదం పద్దు మరవొద్దన్నాను. అనువాదం చేసినవారు వేరు, తిరిగి ఇంగ్లీషులోకి చేసి సరిచూసినవారు వేరు అయి ఉండాలి. ఇద్దరికీ డబ్బు ఇవ్వాలి.

పాల్గొన్న కుటుంబాలకు డబ్బు ఇవ్వొచ్చా?

బస్సు ఛార్జీ, భోజనం, పోయిన రోజు కూలి ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఆశ పెట్టి ఒప్పించేంత మొత్తం ఇవ్వకూడదు. ఎంత ఇస్తారో ఎథిక్స్ కమిటీకి ముందే చెప్పాలి. పరిశోధన వల్ల బిడ్డకు ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించే బాధ్యత మీదీ మీ సంస్థదీ.

ఫాలో-అప్‌లో సగం మంది కనిపించకుండా పోతున్నారు. ఎలా?

మన ఇళ్ల పద్ధతి తెలియనివాళ్లు డిజైన్ చేస్తే ఇలాగే జరుగుతుంది. తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వస్తుంది. పుట్టిల్లు బరంపురం, అత్తవారిల్లు సోంపేట. కేస్ షీటులో బరంపురం అడ్రసు రాస్తారు. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి బిడ్డతో అత్తవారింటికి వెళ్లిపోతుంది. మీరు ఆరో నెలలో ఫోన్ చేస్తే అమ్మమ్మ ఎత్తి, 'వెళ్లిపోయారమ్మా' అంటుంది. మీ రిజిస్టరులో 'లాస్ట్ టు ఫాలో-అప్'. ఆ బిడ్డ ఎక్కడికీ పోలేదు, ఇచ్ఛాపురం దాటి ఓ గంట ప్రయాణం దూరంలో ఉన్నాడు.

అందుకని చేర్చుకునే రోజే రెండు ఇళ్ల అడ్రసులూ రాసుకోండి. ఎప్పుడు ఏ ఇంట్లో ఉంటారో అడగండి. మూడు ఫోన్ నంబర్లు తీసుకోండి, అందులో ఒకటి అమ్మమ్మది, ఒకటి మేనమామదో ఆడపడుచుదో అయి ఉండాలి. తండ్రి నంబరు ఒక్కటే తీసుకుంటే అది సూరత్‌లో మోగుతుంది. రెండు వైపుల ఆశా కార్యకర్తల పేర్లూ రాసుకోండి. ముఖ్యమైన ఫాలో-అప్‌ని వీలైతే ఆరో వారానికీ పదో వారానికీ పెట్టండి, బిడ్డ పుట్టింట్లో ఉండగానే. టీకాల రోజుతో కలిపితే ఇంకా మేలు. ఈ వివరాలు ఎందుకు అడుగుతున్నారో, ఎవరు చూస్తారో అనుమతి పత్రంలో చెప్పాలి.

ఈ ఒక్క విషయం మీదే పైలట్ చేస్తే బాగుంటుందని నాకు చాలా ఏళ్లుగా ఉంది. సరిహద్దు దాటే బిడ్డను ఏడాదిపాటు విడవకుండా చూసుకోగలమా అన్నదే ప్రశ్న. ఎవరైనా రాస్తే పక్కన కూర్చుని సాయం చేస్తాను.

ఆంధ్ర వైపు ఆసుపత్రితో కలిసి చేయొచ్చా?

చేయొచ్చు. కానీ ఆ ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా కావాలి. అక్కడి డాక్టరు కో-పీఐగా ఉండాలి. నమూనాలు, డేటా ఎవరి దగ్గర ఉంటాయో ఒప్పంద పత్రం రాసుకోవాలి. ఇంటర్నల్ డబ్బును బయటి సంస్థకు పంపడానికి చాలా సంస్థలు ఒప్పుకోవు, కాబట్టి ఖర్చంతా మీ వైపు నుంచే పడేలా ప్లాన్ చేయండి. దీనికి కనీసం ఆరు నెలలు ముందు మొదలుపెట్టండి.

మెంటర్ తప్పనిసరి అంటున్నారు. మా ఊళ్లో ఎవరూ లేరు.

బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. భువనేశ్వర్‌లో ఐసీఎంఆర్ ప్రాంతీయ కేంద్రం, కటక్‌లో అందరూ శిశు భవన్ అని పిలిచే పిల్లల వైద్య సంస్థ ఉన్నాయి. బయటివారిని మెంటర్‌గా ఒప్పుకునే సంస్థలే ఎక్కువ. రెండు పేరాల్లో మీ ప్రశ్న రాసి ఈమెయిల్ చేయండి. 'గైడ్ చేయండి సార్' అని మాత్రమే రాస్తే జవాబు రాదు. గణాంకాలు తెలిసినవాళ్లను మాత్రం మొదటి రోజు నుంచే కలుపుకోండి. డేటా సేకరించాక వాళ్ల దగ్గరకి వెళితే చేయగలిగేది చాలా తక్కువ.

తిరస్కరించారు. మళ్లీ పెట్టొచ్చా?

పెట్టాలి. రివ్యూ వ్యాఖ్యలు అడిగి తీసుకోండి. రెండు రోజులు ఆగి చదవండి, మొదటి రోజు కోపంలో ఏదీ సరిగా కనిపించదు. ప్రతి వ్యాఖ్యకూ ఏం మార్చారో ఒక పేజీ రాసి కొత్త దరఖాస్తుకి జతచేయండి.

మార్చి 31 టెన్షన్ అంటారు. ఏమిటది?

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో అయిపోతుంది. ఖర్చు కాని డబ్బు చాలాచోట్ల వెనక్కి వెళ్లిపోతుంది. నా మొదటి గ్రాంటు ఉత్తరం జూన్‌లో వచ్చింది, డబ్బు నవంబరులో వచ్చింది. కిట్ల ఫైలు నేను పనిచేసిన ఒక సంస్థలో మూడు టేబుళ్ల మీద మూడు నెలలు ఉండిపోయింది. ఆర్డరు ఫిబ్రవరి ఆఖరున వెళ్లింది, సరుకు ఏప్రిల్ 4న వచ్చింది. డబ్బు వెనక్కి పోయింది, డీలరు సరుకు తిరిగి తీసుకెళ్లాడు. అప్పటికే అనుమతి ఇచ్చిన పందొమ్మిది మంది తల్లులకు ఫోన్ చేసి పరీక్ష జరగదని చెప్పాల్సి వచ్చింది. అది ఈ రోజుకీ మరిచిపోలేదు.

కాబట్టి మంజూరు ఉత్తరం వచ్చిన వారంలోనే కొనుగోలు ఫైలు పెట్టండి. ఫైలు ఎక్కడుందో ప్రతి సోమవారం వెళ్లి కనుక్కోండి, మర్యాదగా, పేరుపెట్టి పలకరించి. అకౌంట్స్ సెక్షన్ వాళ్లు మీ పరిశోధనలో భాగమే, మీరు ఏం చేస్తున్నారో వాళ్లకి కూడా చెప్పండి. డిసెంబరు నాటికి సరుకు చేతిలో ఉండేలా చూడండి. పని మిగిలిపోయేలా ఉంటే జనవరిలోనే గడువు పొడిగింపు అడగండి, మార్చిలో అడిగితే ఎవరూ వినరు. బిల్లులు వచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు ఆరు నెలల్లో చెరిగిపోతాయి. డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ రాసేటప్పుడు అవన్నీ కావాలి.

పేపరులో ఎవరి పేర్లు వేయాలి?

ఆలోచనలోనో, డేటాలోనో నిజంగా పనిచేసి, రాతను చదివి సరిదిద్ది, తుది ప్రతిని ఒప్పుకుని, దానికి జవాబుదారీగా ఉండేవాళ్ల పేర్లు. విభాగాధిపతి అన్న ఒక్క కారణంతో పేరు వేయకూడదు. ఊళ్లు తిరిగిన ఫీల్డ్ వర్కర్‌కి ఆ పనిలో పాలు పంచుకునే అవకాశం ఇచ్చి, వాళ్ల పేరు కూడా చేర్చడానికి ప్రయత్నించండి. గ్రాంటు నంబరు కృతజ్ఞతల్లో రాయడం మరవకండి.

ఫలితం ఏమీ రాలేదు. డబ్బు వృథా చేసినట్టేనా?

కాదు. 'ఇది ఇక్కడ పనిచేయలేదు' అన్నది కూడా ఫలితమే. దాచకుండా రాయండి. కార్డు తడికి పాడైందని మీరు రాయకపోతే రేపు మల్కన్‌గిరిలో ఇంకొకరు అదే డబ్బు, అదే బిడ్డల రక్తం మళ్లీ ఖర్చు చేస్తారు.

ఇంటర్నల్ గ్రాంటు అయ్యాక ఎక్కడికి వెళ్లాలి?

ఐసీఎంఆర్‌లో స్మాల్ గ్రాంటు అన్నదే 2 కోట్ల దాకా ఉంటుంది. సైన్సు పరిశోధనకు కేంద్రం తరఫున గ్రాంట్లు ఇచ్చిన పాత సెర్బ్ స్థానంలో ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్) ఉంది, 2023 చట్టంతో వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ వ్యక్తిగత ఫెలోషిప్పులు ఇస్తుంది. విదేశీ డబ్బుతో, విదేశీ భాగస్వాములతో చేస్తే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి విడిగా కావాలి. పైలట్ ముగిసిన ఏడాదిలోపే ఏదో ఒకదానికి పెట్టండి, ఆలస్యమైతే టీము చెదిరిపోతుంది.

పరీక్ష ఫలితాలు కుటుంబాలకు చెప్పాలా?

చెప్పాలి. ఎలా చెబుతారో ప్రపోజల్‌లోనే రాయాలి. సికిల్ సెల్ కార్డు తీసుకున్నామంటే, జబ్బు ఉందని తేలిన బిడ్డకు ఇచ్చే హైడ్రాక్సీయూరియా అనే మందు గురించి, టీకాల గురించి, జ్వరం వస్తే ఆగకుండా తీసుకురావాల్సిన సంగతి గురించి చెప్పి, ఒక క్లినిక్కులో పేరు రాయించేదాకా మన పని. జన్యువు ఒక్కటే ఉన్న బిడ్డ ఇంట్లో 'మీ పాపకి జబ్బు లేదు' అన్న మాట ముందు చెప్పాలి, మిగతాది తరవాత. ఊరి మధ్యలో, అత్తగారి ఎదుట, తల్లిని తప్పుపట్టేలా చెప్పకూడదు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు వస్తుందన్న సంగతి నాన్నకి కూడా అప్పుడే, అదే గదిలో తెలియాలి.

గుణుపురం దగ్గర ఒక ఊళ్లో, రెండో ఏడు వెళ్లినప్పుడు, ఒకావిడ ఇంట్లోకి వెళ్లి డబ్బాలోంచి మేమిచ్చిన చీటీ తీసుకొచ్చింది. మడతలు నలిగిపోయాయి, మా ఫోన్ నంబరు సగం చెరిగిపోయింది. "ఆ రోజు పాప కాలికి సూది గుచ్చారు కదా, ఏమొచ్చిందో ఎవరూ చెప్పలేదు," అంది. ఫలితం ఆరు నెలల క్రితమే మా కంప్యూటర్లో ఉంది. పాపకు ఏమీ లేదు. కానీ పాపకు జబ్బు ఉందేమోనన్న భయం ఏడాదిపాటు ఆ ఇంట్లో ఉంది. ఫలితం చెప్పడానికి వెళ్లే బండి ఖర్చు బడ్జెట్‌లో ఒక విడి పద్దుగా, నమూనా తీసే ఖర్చు పక్కనే, అప్పటి నుంచి పెడుతున్నాను. దాన్ని ఏ కమిటీ ఇప్పటిదాకా కొట్టేయలేదు.